కుందూ ఒడ్డున రెండు గుళ్ళు

1947 సెప్టెంబరు 27, శనివారం. మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ, లండన్ మిషన్ వంటివాళ్ళు అప్పటికే కలిసి కట్టుకున్న ఐక్య సంఘమూ ఒకటైపోయి, దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. దోర్నకల్ బిషప్ ఎలియట్ అందులో చేరారు. ఆయన కిందే ఉన్న నంద్యాల ప్రాంతంలో వేలమంది మాత్రం కదల్లేదు. కాపరి వెళ్ళాడు, మంద ఆగిపోయింది.

ఆ వారం అక్కడి ముత్యాలపాడు దగ్గర ఏదో ఒక ఇంట్లో ఈ మాటలు నడిచి ఉంటాయని నా ఊహ. జమ్మలమడుగు నుంచి చెల్లెలు పుట్టింటికొచ్చింది. అన్న ఆంగ్లికన్ల ఎస్పీజీ మిషన్ గుడిలో ఉపదేశి.

“ఏమ్మా, మీ అయ్యగారి తలమీద బిషప్పు చెయ్యి పెట్టినాడా?”

“లేదన్నా. మా లండన్ మిషన్‌లో బిషప్పే లేడు గదా.”

“మరి ఆయన చేత్తో రొట్టె ఎట్ల తీసుకునేది?”

చెల్లెలు బిడ్డను ఒళ్ళోకి లాక్కుంది. “వీనికి బాప్తీసం ఇచ్చింది ఆ చెయ్యే. అది చెల్లదంటావా?”

అన్న దగ్గర జవాబుండదు. ఉంటే నేనైనా రాసేవాణ్ణి.

తగాదా మూలం అదే. అపొస్తలుల నాటి నుంచి చేతులు మారుతూ వచ్చిన అభిషేకమే గురువుకు అర్హత అన్నది ఎస్పీజీ నమ్మకం. సీఎస్ఐ అయితే, ఇకముందు అభిషేకాలన్నీ బిషప్పులే చేస్తారు గానీ ఇప్పటికే పనిచేస్తున్న అయ్యగార్లకు మళ్ళీ చెయ్యరంది. ఈ సర్దుబాటుకు 30 ఏళ్ళ గడువు పెట్టింది. ఇష్టంలేని అయ్యగారిని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట కూడా ఇచ్చింది.

నంద్యాలవాళ్ళది మొండితనం అనుకోవడం తేలిక. కానీ నల్లమల, ఎర్రమలల నడుమ కుందూ పారే ఈ నేలలో ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ఒక ఆస్తి. 1850ల నుంచి ముత్యాలపాడు, తర్వాత కలసపాడు, నంద్యాల మిషన్ కేంద్రాలయ్యాయి. 1876-78 నాటి ధాత కరువు తర్వాత పల్లెలకు పల్లెలే గుడి చేరాయి. ఊరు బయటికి నెట్టినవాళ్ళకు పేరుపెట్టి పిలిచే చోటు దొరికింది. అలా దొరికినదాన్ని ఎవరో మద్రాసులో సవరిస్తామంటే భయం వెయ్యదా?

విచిత్రమేమంటే, ఐక్యత కోసం 1919 తరంగంబాడి సమావేశం నుంచి పాటుపడిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య నంద్యాలవాళ్ళ సొంత బిషప్పే. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయనుంటే నంద్యాల కదిలేదా? నాకు నమ్మకం లేదు.

అందరిదీ ఒకే మాట కాదు, కొందరు సీఎస్ఐలోకి వెళ్ళారు. మిగిలినవాళ్ళు ఎక్కడో కలకత్తాలో ఉన్న ఆంగ్లికన్ పెద్ద బిషప్పు (మెట్రోపాలిటన్) నీడన ఉండిపోయారు. 1963లో నంద్యాల విడి డయాసిస్ అయింది. 1970లో ఆ పాత ఆంగ్లికన్ సంఘమే ఉత్తరాదిన ఉత్తర ఇండియా సంఘం (సీఎన్ఐ)లో కలిసిపోయింది. కాపుకాయడానికి ఇంకేం మిగల్లేదు.

1975లో నంద్యాల సీఎస్ఐలో చేరింది. 30 ఏళ్ళ గడువు తీరడానికి అప్పటికింకా రెండేళ్ళుంది.