సౌందర్యశాస్త్ర పరిశోధనకు ఫెలోషిప్‌లు (భారతదేశం)

కళ, రసం, సౌందర్యానుభవాల తాత్త్విక స్వరూపంపై భారతీయ విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ చేసేవారికి అందే ఫెలోషిప్ దాదాపు ఎప్పుడూ మరో శాస్త్రం పేరు మీదే వస్తుంది. ఫెలోషిప్‌కు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ సబ్జెక్టుల జాబితాలో సౌందర్యశాస్త్రం విడిగా లేదు. అభ్యర్థి తన పీజీని బట్టి తత్త్వశాస్త్రమో, సంస్కృతమో, తెలుగో, దృశ్యకళలో, ప్రదర్శన కళలో ఎంచుకుని పరీక్ష రాయాలి. తత్త్వశాస్త్రం సిలబస్‌లోనూ నీతిశాస్త్రానికి ప్రత్యేక యూనిట్లు ఉన్నాయి గానీ సౌందర్యశాస్త్రానికి లేవు.

ఏ సబ్జెక్టు నుంచి వచ్చారన్నది థీసిస్ స్వభావాన్నే మార్చగలదు. కోనసీమలోని ముంగండకు చెందినవాడిగా చెప్పే జగన్నాథ పండితరాయలు 17వ శతాబ్దంలో రాసిన ‘రసగంగాధరం’ ఇందుకు మంచి ఉదాహరణ. సంస్కృత, తెలుగు శాఖల్లో దాన్ని ప్రధానంగా అలంకారశాస్త్ర గ్రంథంగా చదువుతారు. ఆవరణ తొలగిన చైతన్యమే రసమని అందులో ఉన్న వేదాంత వివరణ తత్త్వశాస్త్ర శాఖలో అసలు ప్రశ్న అవుతుంది. గ్రంథం ఒక్కటే అయినా గైడూ, పరీక్షకులూ, వారు అడిగే రుజువులూ వేరు.

ఫెలోషిప్‌లలో ప్రధానమైనది నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్). 2019 జనవరి నుంచి నెలకు రూ.31,000గా ఉన్న మొత్తం 2023 జనవరి 1 నుంచి రూ.37,000 అయింది. రెండేళ్ల తర్వాత పని తీరును మదింపు చేసి సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)గా మారుస్తారు, అప్పుడు రూ.42,000. మొత్తం గడువు అయిదేళ్లు. హాస్టల్ వసతి లేనివారికి ఇంటి అద్దె భత్యం అదనం. పుస్తకాలు, ప్రయాణాలకు ఇచ్చే కంటింజెన్సీ మానవీయ శాస్త్రాలకు మొదటి రెండేళ్లు ఏడాదికి రూ.10,000 మాత్రమే. చెన్నైలోనో తంజావూరు సరస్వతీ మహల్‌లోనో తాళపత్రాలు చూడాల్సిన పరిశోధకుడికి ఇది ఏ మూలకూ చాలదు.

జేఆర్‌ఎఫ్ రానివారి పరిస్థితి మరీ భిన్నం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ పీహెచ్‌డీకి నెలకు రూ.8,000. 2015 అక్టోబరులో దాన్నీ ఆపేయాలని యూజీసీ నిర్ణయించడంతో ఢిల్లీలోని ఆ సంస్థ కార్యాలయం ముందు ‘ఆక్యుపై యూజీసీ’ పేరుతో విద్యార్థుల ఆందోళన నడిచింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఈ ఆసరా కూడా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నిర్వహించే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు (సెట్) అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి అర్హత ఇస్తాయే తప్ప ఫెలోషిప్ ఇవ్వవు.

తత్త్వశాస్త్రానికే పరిమితమైన సంస్థ భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలి, అంటే ఐసీపీఆర్. 1977లో ఏర్పడింది. పీహెచ్‌డీలో నమోదైనవారి కోసం ఉద్దేశించిన దాని జూనియర్ ఫెలోషిప్‌కు సౌందర్యశాస్త్ర అంశాలతోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. లక్నోలోని మండలి గ్రంథాలయం అదనపు ఆకర్షణ. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు వేరుగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. మైనారిటీలకు ఉద్దేశించిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022-23 నుంచి నిలిపివేశారు.

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చే జూనియర్, సీనియర్ ఫెలోషిప్‌లను కొందరు వీటితో కలిపి చెబుతారు. అవి సంస్కృతి రంగంలో పనిచేసేవారికి రెండేళ్లపాటు ఇచ్చేవి, డాక్టరేట్ కోసం కావు. ఇక్కడ పీహెచ్‌డీలో నమోదై ఉండి కొంతకాలం అమెరికాలో చదవాలనుకునేవారికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలల అవకాశం ఇస్తుంది.