వేలిముద్రల చరిత్రలో మనవాళ్ళు

ప్రైవసీ మాట మనవాళ్ళ మధ్య ఎత్తితే చాలాసార్లు ఒకటే జవాబొస్తుంది: "మన దగ్గర దాచుకోడానికి ఏముంది?" బినామీ భూములున్నోడికి, బ్యాంకులో నోట్ల కట్టలున్నోడికి కదా ఆ భయం అంటారు. పట్నంలో అద్దె ఇంటికోసం పోయి కులం అడగంగానే నోట మాట రాక నిలబడ్డ ప్రతి దళితుడికీ దాచుకోవాల్సింది ఒకటుందని తెలుసు. అది పక్కన పెట్టినా, ఈ జవాబు చరిత్రను తలకిందులు చేస్తుంది. మనుషుల వేళ్ళకు సిరా పూసి, పేర్లు రిజిస్టర్లకెక్కించి, రాకపోకలు లెక్కగట్టే పద్ధతిని ఈ దేశంలో బాగా నలగ్గొట్టింది ఏమీ లేనివాళ్ళ మీదే. ఆధార్ గురించి రాసే మేధావులు కథను 2009 నుంచో, 2017 సుప్రీంకోర్టు తీర్పు నుంచో మొదలుపెడతారు. మనం ఇంకా వెనక్కి పోవాలి.

1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు కంకర కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఇతను మాట తప్పుతాడేమోనన్న అనుమానం దొరది. దొర మాట తప్పితే పట్టుకోడానికి మాత్రం ఏ ముద్రా లేదు. అదే హెర్షెల్ 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉండి వేలిముద్రలను మూడుచోట్ల ప్రవేశపెట్టాడు. పెన్షను తీసుకునేవాళ్ళకు, దస్తావేజులు రిజిస్టరు చేయించుకునేవాళ్ళకు, జైల్లో ఖైదీలకు. ఈ మూడూ ఒకే మనిషి బుర్రలో ఒకేసారి పుట్టాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. తిండి పెట్టే చెయ్యీ, సంకెళ్ళు వేసే చెయ్యీ ఒకే పుస్తకం చూసుకుంటాయి. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రల్ని వర్గీకరించే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అయితే, ప్రపంచమంతా అది వాళ్ళ పై అధికారి హెన్రీ పేరుతోనే పాకింది. పని ఒకరిది, పేరొకరిది. మనకు కొత్తేం కాదు.

తెలుగులో వేలిముద్రగాడు అంటే చదువురానోడని తిట్టు. దొర దగ్గర, షావుకారు దగ్గర, కరణం దగ్గర ఏముందో తెలియని కాగితం మీద బొటనవేలు ఒత్తి భూమి పోగొట్టుకున్న తాతలు మనలో ఎంతమందికి లేరు? తెలంగాణలో నిషాని అంటారు. ఆ ముద్ర మీద అనుమానం మన ఇళ్ళల్లో పుస్తకాలు చదివి వచ్చింది కాదు.

మద్రాసు రాష్ట్రానికి వచ్చేసరికి ఈ సిరా ఎరుకలవాళ్ళ వేళ్ళకు అంటుకుంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం మొదట ఉత్తరాదిదే. 1911 చట్టం దాన్ని దేశమంతటికీ చాచింది. ఒక తెగను మొత్తంగా నేరస్థులని సర్కారు ప్రకటించొచ్చు. పేర్లు రిజిస్టరుకెక్కుతాయి. రిజిస్టరైన మనిషి వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకోవచ్చు. చెప్పిన టైముకు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే ఎక్కడికి పోతున్నదీ చెప్పాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి స్కూళ్ళలో పెట్టే అధికారం కూడా అందులోనే ఉంది. పేరు తప్పుగా ఎక్కిందంటే మొర పెట్టుకోవాల్సింది జిల్లా మేజిస్ట్రేటుకే. తెగను నేరస్థ తెగ అనడం న్యాయమా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేదని చట్టమే రాసుకుంది. నేరం తర్వాత సంగతి, రిజిస్టరు ముందు.

ఎరుకలవాళ్ళు ఎస్టీలు కదా, దళిత చరిత్రలో ఎందుకని ఎవరైనా అడగొచ్చు. జాబితాలు తర్వాతొచ్చాయి. ఆనాడు ముద్ర పడ్డ కులాలు దేశవ్యాప్తంగా ఇవాళ ఎస్సీ, ఎస్టీ, బీసీ మూడు జాబితాల్లోనూ చెదిరి ఉన్నాయి.

అసలు వీళ్ళు చేసిన పనేంటి? ఎరుకల్లో ఉప్పు ఎరుకల అని ఒక శాఖ పేరే ఉంది. తీరం నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు మోసుకుపోయి ధాన్యానికి మారేవాళ్ళు. సర్కారు ఉప్పు విధానం, రైళ్ళు, అడవి చట్టాలు ఆ బతుకును ఎలా విరిచాయో మీనా రాధాకృష్ణ పరిశోధన వివరంగా చెబుతుంది. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనిషిని తిరుగుబోతన్నారు, ఆ తర్వాత దొంగన్నారు. ఊరూరా ఎరుక చెప్పి బతికిన ఆడవాళ్ళ గురించి పోలీసులు అన్నీ ఎరిగి ఉండాలని పుస్తకాలు రాసుకున్నారు.

బాపట్ల దగ్గర 1913-14లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో హోం వ్యవహారాలు చూసిన హెరాల్డ్ స్టూవర్ట్ పేరుమీద అది స్టూవర్టుపురమైంది. హాజరు, పాసు, సువార్త, కూలి అన్నీ ఒకే కంచె లోపల. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి అక్కడినుంచి కూలీలు దొరికారు. సంస్కరణ అన్నారు గానీ, ఎక్కడికీ పోలేని కూలీ ఎవడికి లాభం? 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరిపేరు మాత్రం రద్దు కాలేదు. 1991లో ఆ పేరుతో రెండు సినిమాలొచ్చాయి. అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌ది 1962 నాటిది. 'నోన్ డిప్రెడేటర్' అనే పోలీసు మాట కేడీ అయి మన పిల్లల నోట తిట్టుగా మిగిలింది.

పాత రిజిస్టరు బీరువాలో ఉండేది, చెదలైనా తినేది. ఇప్పటిది అలా కాదు. 2018 జనవరిలో తెలంగాణ పోలీసులు సకల నేరస్థుల సమగ్ర సర్వే అని పెట్టి, గతంలో కేసులున్నవాళ్ళ ఇళ్ళకు పోయి ఫొటోలు, వేలిముద్రలు తీసుకున్నారు, ఇంటి జాడ మ్యాపులో గుర్తించారు. ముఖాల్ని పోల్చే యంత్రమూ ఆ ఏడాదే పోలీసుల ఫోన్లలోకొచ్చింది. 2021 లాక్‌డౌన్లో మాస్కు తీయమని పోలీసులు తన ఫొటో తీసినందుకు హైదరాబాదులో ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకెక్కారు. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయిన వ్యవహారంలోనూ ఆయన కోర్టుకు పోతే, మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. శాఖల రికార్డులన్నీ కలిపి చూసే యంత్రానికి, అదే పేరున్న మరొకడి కారు ఇతనిదిగా కనిపిస్తే చాలు. బియ్యం ఆగిపోతాయి. హెర్షెల్ హుగ్లీలో పెట్టిన పెన్షను పుస్తకం, జైలు పుస్తకం ఇక్కడ మళ్ళీ పక్కపక్కన కనిపిస్తాయి. పారపట్టి, సిమెంటు కలిపి అరిగిన వేళ్ళను రేషన్ షాపు మిషను గుర్తుపట్టదు. పోలీసు మిషనుకు మాత్రం ఫొటో ఉంది.

అయితే మనం లెక్కలే వద్దనగలమా? లేదు. కులాలవారీ జనగణన కావాలని అడుగుతున్నది మనమే. వర్గీకరణకు లెక్క కావాలి, స్కాలర్‌షిప్పుకు సర్టిఫికెట్ కావాలి. ఈ చిక్కును కొందరు ప్రైవసీవాదులు పట్టించుకోరు, వాళ్ళకు సర్టిఫికెట్ అవసరం రాలేదు గనక. కులం ఎంతమందో లెక్కపెట్టడం వేరు, ఫలానా మనిషి ఎక్కడున్నాడో వెంటాడడం వేరు. మొదటిదానికి పేరు అక్కర్లేదు. పాకీ పనినుంచి బయటపడాలని చూస్తున్న మనిషికి ఆ పనివాడన్న గుర్తు ఒక నంబరుకు తగిలించి జీవితాంతం మోయమనడం విముక్తి ఎట్లా అవుతుంది? ఆధార్‌ను కోర్టులో సవాలు చేసినవాళ్ళలో సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ ఉన్నారని, హైదరాబాదు నుంచి శాంతా సిన్హా ఉన్నారని మర్చిపోకూడదు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. ఏడాది దాటీ దాటగానే, అంటే 2018 సెప్టెంబరులో, సబ్సిడీలకు ఆధార్ అడగడం సరేనని ఎక్కువమంది జడ్జీలు తేల్చారు. హక్కు అందరిదీ, మినహాయింపు రేషన్ క్యూలో నిలబడేవాళ్ళది.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే జైలు నిబంధనలనూ తప్పుపట్టింది. కాలమ్ కొట్టేయడం మంచిదే. ఇంతలో 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (గుర్తింపు) చట్టం వేలిముద్రలతో పాటు కనుపాపలనూ, రక్తం లాంటి నమూనాలనూ కలిపింది. నిర్దోషిగా తేలినవాళ్ళవి చెరిపేయాలి, మేజిస్ట్రేటు కారణం రాస్తే ఉంచొచ్చు. మిగతావి 75 ఏళ్ళు దాస్తారు. ఇవాళ ఇరవై ఏళ్ళ కుర్రాడికి చిన్న కేసులో శిక్షపడితే, అతనికి 95 ఏళ్ళొచ్చేదాకా ఆ ముద్ర అక్కడే ఉంటుంది. 1911 చట్టం స్టూవర్టుపురం తాతల మీద కూడా అన్నేళ్ళు లేదు.