పొయ్యి వెలిగించని పండుగ

చైనా పండుగ తిండి అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఠక్కున గుర్తొచ్చేది మూన్ కేక్. చైనా టీమ్ వాళ్ళెవరో డబ్బా తెచ్చి ప్యాంట్రీలో పెడతారు, మనం ఓ ముక్క నోట్లో వేసుకుని "బానే ఉంది" అనేస్తాం. మంగోలుల మీద తిరుగుబాటుకి కబుర్లు ఈ కేకుల్లోనే దాచి పంపారని ఓ కథ కూడా చెప్తారు. కథ భలే ఉంటుంది గానీ ఆ కాలపు చరిత్రల్లో దానికి ఆధారం లేదు. నాకు మాత్రం అంతకంటే ఆసక్తిగా అనిపించేది హన్‌షి. అంటే చల్లని తిండి, మన మాటల్లో చద్ది. ఈ పండుగకి పొయ్యి వెలిగించకూడదు.

దీని వెనక కథ ఇదీ. జిన్ రాజ్యపు రాకుమారుడు చోంగర్ 19 ఏళ్ళు ప్రవాసంలో తిరిగాడు. వెంట ఉన్నవాళ్ళలో జియె జితుయ్ ఒకడు. తిండి దొరకని ఓ రోజు తన తొడ కోసి రాకుమారుడికి వండి పెట్టాడట! క్రీ.పూ. 636లో చోంగర్ గద్దెనెక్కి అందరికీ బహుమతులిచ్చాడు, ఇతన్ని మాత్రం మర్చిపోయాడు. జితుయ్ ఏమీ అడగలేదు, తల్లిని తీసుకుని కొండల్లోకి పోయాడు. బయటికి రప్పిద్దామని రాజు అడవికి నిప్పు పెట్టిస్తే, ఓ చెట్టుని కావలించుకుని కాలిపోయాడు. అందుకని ఆయన పేరు మీద నిప్పు ముట్టరు.

పాత చరిత్ర గ్రంథం జువోజువాన్‌లో చూస్తే తొడా లేదు, మంటా లేదు. తల్లితో వెళ్ళి దాక్కున్నాడు, అలాగే చనిపోయాడు, వెతికినా దొరకలేదు కాబట్టి రాజు ఆయన పేర కొంత భూమి కేటాయించాడు, అంతే. మిగతాదంతా తర్వాత చేరింది.

సరే, కథలు పెరగడం మామూలే. ఇక్కడ కథతో పాటు ఆచారం కూడా పెరిగింది. క్రీ.శ. 28లో చనిపోయిన హువాన్ తాన్, తైయువాన్ ప్రాంతం వాళ్ళు నడి చలికాలంలో ఐదు రోజులు వంట చెయ్యరని, జబ్బు చేసినా తప్పరని రాశాడు. వందేళ్ళు తిరిగేసరికి ఆ ఐదు రోజులు నెలయ్యాయి. ఉత్తర చైనా చలిలో నెలరోజులు చద్ది! ఏటా ముసలివాళ్ళు, పిల్లలు చాలామంది చచ్చిపోయేవారు.

చక్రవర్తి షున్ కాలంలో (125-144) జౌ జూ అనే అధికారి అక్కడికి వచ్చాడు. ఆయన ప్రజలకి ఉపన్యాసం ఇవ్వలేదు. జితుయ్ గుడికి వెళ్ళి, చనిపోయిన ఆ జితుయ్‌కే ఓ ఉత్తరం రాసి పెట్టాడు. నడి చలికాలంలో నిప్పు ఆర్పితే ప్రాణాలు పోతున్నాయి, మీలాంటి మంచివాడు కోరుకునేది ఇది కాదు కదా అని. తర్వాత జనాన్ని వేడి తిండి తినమన్నాడు. జనం పట్టు కొంత సడలింది, ఆచారం చాలావరకు మారిందని చరిత్రకారులు రాశారు. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో తెలివైన పని ఇదొక్కటే. ఎవడు రాశాడో తెలియని పాత కోడ్ ముట్టుకోవాలంటే మనకెంత భయమో ఆలోచించండి. ఆ భయాన్ని వెక్కిరించకుండా పని జరిపించాడాయన.

206 ప్రాంతంలో అక్కడికి త్సావ్ త్సావ్ వచ్చాడు. ఆయనది వేరే పద్ధతి. వూ జిష్యూ శవాన్ని నదిలో పడేశారు, మరి వూ దేశం వాళ్ళు నీళ్ళు తాగడం మానేశారా అని అడిగాడు. లాజిక్ బావుంది కదూ! చద్ది తింటే ఇంటి యజమానికి ఆర్నెల్లు శిక్ష, బాధ్యుడైన అధికారికి వంద రోజులు శిక్ష, మేజిస్ట్రేట్‌కి నెల జీతం కట్. అయినా ఆచారం చావలేదు. నాలుగో శతాబ్దంలో షి లె నిషేధిస్తే మర్నాటి ఏడు భారీ వడగళ్ళ వాన పడింది. ఇంకేముంది, జితుయ్ కోపమే అన్నారు, ఆచారం తిరిగొచ్చింది.

చివరికి దాన్ని లొంగదీసింది చట్టం కాదు, క్యాలెండర్. పండుగ చలికాలం నుంచి వసంతానికి జరిగింది, దక్షిణాదిన మూడు రోజులకి కుదిరింది. ఈ రోజుల కోసం వేయించి దాచుకునే వంటలు పుట్టాయి. ఆరో శతాబ్దపు వ్యవసాయ గ్రంథం ఛిమిన్ యావ్‌షులో తేనె నీళ్ళతో పిండి కలిపి చేసే వంటకం ఉంది. దాని వారసుడే ఇప్పటి సాన్‌జి, సన్నటి తీగల్లా లాగి నూనెలో వేయిస్తారు, మన జంతికలకి దూరపు చుట్టంలా ఉంటుంది. 732లో టాంగ్ చక్రవర్తి ష్వాన్‌జోంగ్ ఈ పండుగకి పెద్దల సమాధుల దగ్గరికి వెళ్ళడాన్ని అధికారికం చేశాడు. అలా మెల్లగా ఇది పక్కనే ఉన్న ఛింగ్‌మింగ్‌లో కలిసిపోయింది. ఛింగ్‌మింగ్ 2008 నుంచి చైనాలో సెలవు రోజు.

ఏప్రిల్ మొదట్లో షాంఘై వైపు వెళ్తే కొట్లలో ఆకుపచ్చటి ఉండలు కనిపిస్తాయి. పేరు ఛింగ్‌తువాన్. జిగట బియ్యప్పిండిలో మాచిపత్రి జాతి ఆకు రసం కలిపి, లోపల ఎర్ర చిక్కుళ్ళ తీపి ముద్ద పెడతారు. చల్లగా తినడం పాత అలవాటు. వండేది మాత్రం ఆవిరి మీదే, పొయ్యి వెలిగించి.