పెండ్లికి వచ్చిన చుట్టములకు నంద్యాల సీమలో చూడదగినవి



మాఘమాసము వచ్చినదనిన నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో పెండ్లిపందిళ్లకు కొదవ యుండదు. చుట్టములు వత్తురు, విందు కుడుతురు, పందిటి నీడను పేకాడి మూడవనాడు బస్సెక్కుదురు. మా యింటి పెండ్లికి కృష్ణాతీరమునుండి వచ్చిన వియ్యాలవారిలో ఒక వృద్ధులు, "మీ సీమలో నల్లరేగడియు, ఎండయు తప్ప చూచుటకేమున్నది బావగారూ?" అని నవ్వుచు నడిగిరి. నాకు తల కొట్టివేసినట్లైనది. మరునాడు తెల్లవారకమునుపే వారిని మహానందికి తోడ్కొని పోయితిని.

మహానంది నంద్యాలకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నల్లమల పాదమున నున్నది. గర్భాలయ శిఖరము ఉత్తరదేశపు రీతిది. 7వ శతాబ్దమున బాదామి చాళుక్యుల కాలముననే యిది వెలసెనని చరిత్రకారులు చెప్పుదురు. లింగము క్రిందనుండి ఊరు జలము కోనేటిలోనికి వచ్చి, అటనుండి వెలికి పారి అరటితోటలను తడుపును. కోనేటి యడుగున బిళ్ల పడినను కన్నులకు కనబడును. కాలువనీటికి అలవాటుపడిన మా వియ్యంకులు, "దీనికి ఆనకట్ట ఎచ్చట?" అని యడిగిరి. ఆనకట్ట లేదంటిని. పిదప వారిని కోనేటినుండి లేపుట కష్టమైనది.

తిరిగివచ్చుచు దారిలో మరియొక మాట చెప్పితిని. 16వ శతాబ్దమున పింగళి సూరన తన కళాపూర్ణోదయమును అంకితమిచ్చినది ఈ నంద్యాల ప్రభువగు కృష్ణమరాజునకే. ఆ కావ్యమును చదువుకొన్న వారైయుండియు, ఆ నంద్యాల యీ నంద్యాలయే యని వారెరుగరు. మనవారిలో మాత్రమెందరెరుగుదురు?

ఆళ్లగడ్డలో రాతిని విగ్రహముగా మలచు శిల్పుల పనిపాకలు చూడవలసినవి. ఉలిచప్పుడు విన్నచో పిల్లలు కదలరు. అచ్చటినుండి అహోబిలము సుమారు 25 కిలోమీటర్లు. నవనారసింహులు వెలసిన ఆ కొండలకు శ్రీకృష్ణదేవరాయలు 1515లో కళింగదండయాత్రా సమయమున వచ్చి స్వామికి ఆభరణములను సమర్పించినట్లు శాసనము కలదు. ఆ వైభవము నిలువలేదు. 1579లో గోలకొండ సైన్యము హండె నాయకుల తోడ్పాటుతో క్షేత్రమును వశపరచుకొనెను. ఐదారేండ్లు పూజలకు భంగము కలిగెను. కొండ్రాజు వంశపు నాయకులు 1584లో దానిని తిరిగి గైకొనిరి. దిగువ అహోబిలములోని మండపములను చూపునప్పుడు ఈ కథ కూడ చెప్పవలెను. లేనిచో చుట్టములకు రాళ్లే కనబడును.

ఒక జాగ్రత్త. పెండ్లినాడు ఎవరిని కొండకు పంపకుడు. నేను చేసిన తప్పిదమది. రాత్రి ముహూర్తమే కదా యని పడుచువారిని ఉదయమున ఎగువ అహోబిలమునకు పంపితిని. వారు ఉగ్రస్తంభము దాక ఎక్కి, దిగివచ్చుసరికి తలంబ్రాలు ముగిసినవి. వధువు తల్లి, నా చెల్లెలే, ఆరు మాసములు నాతో పలుకలేదు. వృద్ధులకు దిగువ సన్నిధియే చాలును. ఉగ్రస్తంభమునకు పడుచువారు పెండ్లి ముగిసిన మరునాడు, దారి తెలిసినవారిని వెంటబెట్టుకొని పోవలెను.

నాగవల్లి మరునాడు వియ్యాలవారిని సాగనంపుటకు పోవుచుండగా దారిలో నొక పల్లెకడ జనము క్రిక్కిరిసి యుండిరి. అది అహోబిలేశుని పరువేట. కనుమనాడు చెంచులు పల్లకిపై బాణములు వేయగా బయలుదేరి, జ్వాలానరసింహస్వామియు ప్రహ్లాదవరదులును ఒక్క పల్లకిలో సుమారు 40 దినములు ముప్పదికి పైగా పల్లెలు తిరుగుదురు. ప్రతి పల్లెలోను పల్లకి దిగుటకు తెలుపు అను అరుగు కలదు. చెంచులక్ష్మిని చేపట్టిన స్వామి ఫాల్గునమున జరుగు తన కల్యాణమునకు రమ్మని ఇంటింటివారిని తానే పిలుచుకొనునని మనవారి నమ్మకము. చెంచులకు ఆయన అల్లుడు.

ఈ మాట వినగానే మా వియ్యంకులు బండి దిగిరి. "మా వైపున ఆడపిల్ల తండ్రి తిరిగి పిలుచును. ఇచ్చట పెండ్లికొడుకే వచ్చి పిలుచునా!" అని తెలుపు కడకు పోయి టెంకాయ కొట్టిరి. ఆ పూట రైలు తప్పినది. ఇంకొక రాత్రి మా యింటనే యుండి, ఫాల్గునమున కల్యాణమునకు సకుటుంబముగా మరల వచ్చిరి.