మొదట ఒక చీటీ

ఒడిశాలోని నారాయణపట్నం కొండల్లో చలి మొదలైన రోజులు. చీకటి పడగానే ఊరి నడుమ డప్పు మోగుతుంది. అంబలి గిన్నె పక్కన పెట్టి వెళ్తావు. తుపాకులతో ఏడెనిమిది మంది, మావోయిస్టు దళం. వాళ్లలో ఇద్దరు నీ ఈడు అమ్మాయిలే, కువిలో పాడుతున్నారు. పాటంతా మీ ఊరి గోడే: సారా బాకీ కింద సాహుకారు కలిపేసుకున్న భూమి చెక్క, చేతికి రాని పట్టా. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అసలు పట్టు అక్కడే ఉంది.

పాటయ్యాక నిన్నెవరూ రమ్మనరు. ఒక అక్క పక్కన కూర్చుని, పేరడిగి, నువ్వు చెప్పేదంతా వింటుంది. మళ్లీ వచ్చినప్పుడు చీటీ ఇస్తుంది: పక్క ఊళ్లో ఇచ్చిరా, ఎవరికీ చెప్పకు. తర్వాత ఇంటింటా బియ్యం పోగెయ్యడం. తర్వాత పోలీసులు కనబడితే కబురు. దేనికదే చిన్న పని. కానీ చీటీ మోసిన నాడే పోలీసుల లెక్కలో నువ్వు వాళ్ల మనిషివి. ఇక మొయ్యనంటే ఇన్ఫార్మర్‌వేమో అంటారు. ప్రజాకోర్టులో ఆ మాట పడితే ఏమవుతుందో ఊరికి తెలుసు.

ఇక 2009 నవంబర్ 20. నారాయణపట్నం పోలీస్ స్టేషన్ దగ్గర చాసీ ములియా ఆదివాసీ సంఘం జనం మీద కాల్పులు. సంఘం నాయకుడు సింగన్నతో పాటు ఇంకొకరు పోయారు. ఆ సంఘానికీ మావోయిస్టులకూ సంబంధమెంత అన్నది నేటికీ తెగని వాదన. దళానికి మాత్రం ఆ రోజు స్టేషన్ చేసిపెట్టిన ప్రచారం పది పాటలు కూడా చెయ్యలేవు.

దళంలోకి వెళ్లాక అమ్మ పెట్టిన పేరు ఉండదు. నాగావళి దాటించి రాయగడ వైపు పంపేస్తారు, ఊరి మొహం తెలియని చోటికి. పెళ్లికి పార్టీ అనుమతి కావాలి, పెళ్లయితే మగవాడికి ఆపరేషన్. లొంగిపోయినవాళ్లు పదేపదే చెప్పిన సంగతులివి. అప్పట్లో పైనుంచి వచ్చిన ఆదేశాలు తెలుగువాళ్లవి: మావోయిస్టుల ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కమిటీ నాయకుల్లో ఆర్కేది పల్నాడు, ఉదయ్‌ది వరంగల్ వైపు. రాత్రి సెంట్రీ కాసేది మాత్రం నువ్వు.

2013లో నారాయణపట్నం, బంధుగాం ఊళ్లవాళ్లు వందల్లో వచ్చి పోలీసుల ముందు లొంగిపోయారు. మరుసటి ఏడు సంఘం నాయకుడు నాచిక లింగ కూడా. ఆ వందల్లో ఎంతోమంది సంఘం సభల్లో కూర్చుని లేచినవాళ్లే. లొంగిపోవడానికి వాళ్ల దగ్గర ఏముందో నాకు ఎంతకీ అర్థం కాదు.