రాజమహేంద్రవరం గోదావరి వంతెనలు

రాజమహేంద్రవరాన్ని అవతలి గట్టున ఉన్న కొవ్వూరు వైపుతో కలుపుతూ గోదావరిపై నిర్మించిన రైలు, రోడ్డు వంతెనలు. మొదటిది హేవలాక్ వంతెన. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. 1897లో పనులు మొదలై, 1900లో రైళ్లు తిరిగాయి. దాంతో మద్రాసు–హౌరా మార్గంలో నది అడ్డు తొలగింది. 56 ఖానాల ఈ వంతెన 1997 దాకా సేవలందించింది. దాని రాతి స్తంభాలు పదిలంగా కాపాడుకోదగిన సంపద.

1974లో వచ్చిన రోడ్డు కమ్ రైలు వంతెనే ఊరి తీరు మార్చింది. పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. బండి కింద నుంచి పోతుంటే పైన నడిచేవారి కాళ్లకు ఆ అదురు తెలుస్తుంది. రైలు నదిని దాటితే చాలు. రోడ్డు మాత్రం అంత ఎత్తు నుంచి నేలకు దిగాలి. అందుకే రోడ్డు భాగం పొడవు 4 కిలోమీటర్లు దాటింది.

హేవలాక్ స్థానంలో 1997లో ఆర్చి వంతెన వచ్చింది. ఇందులో 28 ఖానాలు, ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్లు. కాంక్రీటు విల్లుల నుంచి దిగిన ఉక్కు తీగలే పట్టాలున్న తలాన్ని మోస్తాయి. రోడ్డు వాహనాల కోసమే కట్టిన నాలుగో వంతెన 2015లో వాడుకలోకి వచ్చింది.