అడిక్‌మెట్ నుండి నాగపూర్‌కు: 1938 వందేమాతరం సమ్మెలో విధేయత, ధిక్కారం

నల్లకుంటకు చేరువలోని అడిక్‌మెట్‌లో 1938 నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణం ఇంకా సాగుతూనే ఉన్నది. ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభం కావడానికి మరొక ఏడాది పట్టింది. అక్కడి వసతిగృహాలలో హిందూ విద్యార్థులు ప్రార్థనా సమయంలో వందేమాతరం పాడేవారు. అది వివాదాస్పదమైన గీతమంటూ అధికారులు నిషేధించారు. నవంబరు చివర విద్యార్థులు సమ్మెకు దిగారు. సుమారు 350 మంది బహిష్కృతులైనారు.

ఈ ఘట్టాన్ని దేశభక్తి గాథగా చెప్పుకోవడం పరిపాటి. అందులో అసత్యం లేదు. కాని ఆజ్ఞకు తలవంచడమే అలవాటైన రాజ్యంలో ఇంతమంది యువకులు ఒక్కసారిగా ఎట్లా ఎదురు తిరిగారన్న ప్రశ్నకు ఆ గాథ సమాధానం చెప్పదు. నిజాం పాలనలో సభ జరపాలంటే ముందస్తు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 పేరు వింటేనే నాటి కార్యకర్తలకు ఆ నిర్బంధం గుర్తుకు వచ్చేది. స్టేట్ కాంగ్రెస్‌ను ఆ ఏడాదే, పూర్తిగా రూపు దిద్దుకోకముందే నిషేధించారు. సభకు తావులేని చోట వసతిగృహమే సభ అయింది. ఒకే పంక్తిలో భోంచేసి, ఒకే గదిలో ప్రార్థించేవారికి పక్కవాని మనసు తెలియడానికి కరపత్రం అక్కరలేదు.

రెండు దశాబ్దాల తరువాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ జరిపిన ప్రయోగాలు ఇక్కడ ఉపకరిస్తాయి. ఎదుటివానికి విద్యుదాఘాతం ఇమ్మని పరిశోధకుడు ఆదేశించగా 40 మందిలో 26 మంది చివరి మీట వరకు నొక్కారు. ఆ ఆఘాతాలు ఉత్తుత్తివని వారికి తెలియదు. మరొక ప్రయోగంలో పక్కనున్న ఇద్దరు సహచరులు ముందే నిరాకరించగా 40 మందిలో 36 మంది తామూ ఆగిపోయారు. ఆజ్ఞ మారలేదు, పక్కవారు మారారు. అడిక్‌మెట్‌లో జరిగినదీ ఇంచుమించు ఇదే. అయితే ఆ బలానికి రెండవ ముఖం కూడా ఉన్నది. తరగతికి పోదలచిన విద్యార్థికి ఆ పంక్తిలో కూర్చోవడం ఏమంత సులభమై ఉండదు. ధిక్కారానికీ దాని విధేయత దానికి ఉంటుంది.

ప్రయోగశాల నుండి లేచిపోయినవానికి నష్టమేమీ లేదు. ఈ విద్యార్థులు పట్టాలనే పణంగా పెట్టారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన వారికి బయటి విశ్వవిద్యాలయాలలో ఇంగ్లీషు చదువు మరొక అడ్డంకి. నాగపూర్ విశ్వవిద్యాలయ ఉపకులపతి టి. జె. కేదార్ వారిని చేర్చుకొనడంతో శిక్ష పదును తగ్గింది. వరంగల్ కళాశాల నుండి బహిష్కృతుడైన పి. వి. నరసింహారావు కూడా అట్లాగే నాగపూర్ చేరాడు. సమ్మె నిలవడంలో సాహసానికి ఎంత పాత్ర ఉన్నదో, తెరిచి ఉన్న ఆ తలుపుకూ అంత పాత్ర ఉన్నదనాలి.

గుంపు అండతో ముడిపెట్టి చెప్పలేని ఉదాహరణ ఆర్యసమాజ కార్యకర్త రామచంద్రరావుది. జైలులో కొరడా దెబ్బ పడిన ప్రతిసారీ ఆయన వందేమాతరం అన్నాడు. అక్కడ పంక్తి లేదు, సహచరుడు లేడు, నాగపూర్ లేదు. ఆ మాటే ఆయన ఇంటిపేరైంది.